థార్‌కి టో హుక్కులు బంపర్‌కే బిగించారు, ఇది ఆగుతుందా?

తూర్పుకనుమ_థార్
ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో పాత థార్ కొన్నాను, 2016 మోడల్ డీజిల్. ముందు ఓనర్ వేయించిన ఇనప బంపర్ ఉంది. వానాకాలంలో మారేడుమిల్లి వైపు వెళ్లే ఆలోచన ఉంది కదా అని రాజమండ్రిలో ఒక యాక్సెసరీ షాపులో ముందు రెండు, వెనక ఒకటి టో హుక్కులు (బండి దిగబడితే రోప్ తగిలించి లాగే కొక్కేలు) పెట్టించాను. ఎర్ర రంగు, చూడ్డానికి గట్టిగానే ఉన్నాయి. ఇంటికొచ్చి కింద దూరి చూస్తే హుక్కులు బంపర్ రేకుకే బిగించి ఉన్నాయి, ఛాసిస్‌ని ఎక్కడా ముట్టుకోలేదు. ఒక్కో హుక్కుకి రెండు 10 ఎంఎం బోల్టులు, వెనక మామూలు వాషర్లు. బోల్టు తల మీద ఏ నంబరూ లేదు. మళ్లీ వెళ్లి అడిగితే "లారీనైనా లాగొచ్చు సార్, నాది పూచీ" అంటున్నాడు. విప్పి డబ్బులివ్వమంటే ఇవ్వనన్నాడు. బండిలో నాతోపాటు మా ఆవిడ, పిల్లలు ఉంటారు. అందుకే టెన్షన్. ఇది ఆగుతుందా? ఆగదంటే ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి?

జిప్సీ_1998
విప్పేయ్. వాటితో ఎవర్నీ లాగకు, నిన్ను ఎవర్నీ లాగనివ్వకు.

ఆటోనగర్_అన్న
జిప్సీ చెప్పింది కరెక్టు. బంపర్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు బంపర్ బరువు మోయడానికి, చిన్నాచితకా దెబ్బలు తట్టుకోవడానికి పెట్టినవి. మనుషులతో, సామాన్లతో రెండు టన్నులున్న బండిని బురదలోంచి పీకే గుంజు వాటి మీద పడకూడదు. పైగా బయట దొరికే ఇనప బంపర్లు చాలావరకు 3 ఎంఎం రేకు. దానికి కన్నం పెట్టి చిన్న వాషర్ వేస్తే బోల్టు తెగే దాకా కూడా వెళ్లదు. వాషర్‌తో సహా కన్నంలోంచి ఊడొస్తుంది. ఊడిన హుక్కుని సాగిన రోప్ ఎదుటి బండి అద్దంలోకి విసురుతుంది.

నేనైతే ముందు బంపర్ దింపేస్తాను. ఛాసిస్ కొమ్ములు, అంటే ముందుకి పొడుచుకొచ్చిన ఛాసిస్ కొసలు, బయటపడతాయి. కంపెనీ పెట్టిన కన్నాలు అక్కడే ఉంటాయి, వీలైనంతవరకు వాటినే వాడుకునేలా 10 ఎంఎం ప్లేటుతో బ్రాకెట్ చేస్తాను. కొత్త కన్నం తప్పదనుకుంటే ఛాసిస్ పక్క గోడలో పెడతాను. పై అంచు, కింది అంచు ముట్టుకోను. బండి గుంతలో దిగి లేచేటప్పుడు వంచే బలాన్ని మోసేది ఆ రెండు అంచులే. కన్నం డ్రిల్లుతోనే పడాలి. గ్యాస్‌తో కోస్తే అంచు గరుగ్గా మిగిలి, పగులు అక్కడే మొదలవుతుంది. కన్నం నుంచి ప్లేటు అంచుకి కనీసం బోల్టు మందానికి రెండింతలు వదలాలి. కన్నం పెట్టాక లోపల జింక్ ప్రైమర్ కొట్టకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు తినేస్తుంది.

ఇంకొక సంగతి, దీన్ని చాలామంది మెకానిక్కులే పట్టించుకోరు. ఛాసిస్ కొమ్ము డబ్బాలా నాలుగు వైపులా మూసి ఉండి, ఈ గోడ నుంచి ఆ గోడకి బోల్టు దూర్చారనుకో. పాన తిప్పే కొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. చేతికి బిగుస్తున్నట్టే తెలుస్తుంది, నిజానికి ఛాసిస్ నలుగుతుంటుంది. అందుకని లోపల సరిగ్గా ఆ వెడల్పుకి కోసిన మందపాటి పైపు ముక్క (స్లీవ్ అంటారు) పెట్టి, బోల్టుని దాంట్లోంచి పోనివ్వాలి. అప్పుడు బిగుతు పైపు మీద పడుతుంది, గోడలు క్షేమంగా ఉంటాయి. నీ పని ఎవరు చేసినా సరే, "లోపల స్లీవ్ వేశావా" అని అడుగు. మొహమొహాలు చూసుకుంటే బండి తీసుకుని వచ్చెయ్.

లోరేంజ్_రెడ్డి
ఊరికే భయపెడుతున్నారు. నా బొలెరోకి ఎప్పట్నుంచో బంపర్ మీదే హుక్కులున్నాయి. మా బ్యాచ్‌లో దిగబడిన బండినల్లా నేనే లాగుతాను. ఏమీ కాలేదు. బంపర్ మందంగా ఉంటే చాలు.

విశాఖ_వర్షం
రెడ్డి గారూ, నేను కళ్లారా చూసింది చెప్తాను. బీచ్ దగ్గర తడి ఇసకలో ఒక ఎస్‌యూవీ ఇరుసు దాకా దిగింది. ఇంకో బండి వెనక బంపర్‌కున్న హుక్కుకి రోప్ తగిలించి, కాస్త వెనక్కొచ్చి, ఒక్కసారిగా ముందుకు ఉరికించారు. రెండో గుంజుకి హుక్కు ఊడింది. ఊడింది మాత్రమే మాకు తెలిసింది, ఎగరడం ఎవరమూ చూడలేదు, అంత వేగం. ఇరుక్కున్న బండి ముందు అద్దంలో ఎడమ వైపు కన్నం. ఆ సీట్లో కూర్చోవాల్సినావిడ ఫోటోలు తీస్తానని అప్పుడే దిగింది కాబట్టి బతికింది. తర్వాత ఇసకలో వాషర్ దొరికింది. గిన్నెలా వంగిపోయి ఉంది. బోల్టు మర మాత్రం చెక్కుచెదరలేదు. అన్న చెప్పింది అక్షరాలా అదే. బోల్టు తెగలేదు, రేకు వదిలేసింది.

అప్పటిదాకా ఆ హుక్కు కూడా చాలా బళ్లు లాగిందట.

జిప్సీ_1998
^ ఇది చదివాక కూడా ఎవరైనా "మాకేం కాలేదు" అంటే నేనింక మాట్లాడను.

లోరేంజ్_రెడ్డి
చదివాను మేడమ్. నిజంగా ఒళ్లు జలదరించింది. సాయంత్రం బండి కింద దూరి చూశాను, ఫోటో పెడుతున్నాను. నాది చేసినాయన హుక్కు ప్లేటుని బంపర్‌లోంచి వెనక్కి లాక్కెళ్లి ఛాసిస్ కొమ్ముకి నాలుగు బోల్టులతో కట్టాడు. బంపర్ ఊరికే ముసుగులాగా ఉంది. ఇది సరిపోతుందా?

ఆటోనగర్_అన్న
ఫోటో చూశాను రెడ్డీ. నీది బంపర్ హుక్కు కాదు, ఛాసిస్ హుక్కే. చేసినాయనెవరో పని తెలిసినవాడు. తూర్పుకనుమకి కావలసింది అదే. అయితే ఎడమ పక్క కింది నట్టు కింద తుప్పు గీత కారుతోంది, అక్కడ నీళ్లు చేరుతున్నాయి. ఒకసారి విప్పి కొత్త బోల్టు వెయ్.

బోల్టు_బాబాయ్
లెక్కలు నేను చెప్తాను. ఉద్యోగమంతా ఫౌండ్రీలో, టెస్టింగ్ ల్యాబులో గడిచింది కాబట్టి బోల్టు తెగే చప్పుడు నాకు బాగా తెలుసు.

బోల్టు తల మీద 8.8, 10.9 అని ఉంటుంది. మొదటి అంకెని వందతో హెచ్చించు. చదరపు మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్ల దగ్గర తెగుతుందో వస్తుంది. చుక్క తర్వాత అంకె, ఆ బలంలో ఎంత శాతం దగ్గర బోల్టు సాగి మళ్లీ వెనక్కి రాకుండా పోతుందో చెప్తుంది. 8.8 అంటే 800, దాంట్లో 80 శాతం. 10.9 అంటే 1000, దాంట్లో 90 శాతం. ఏమీ రాసి లేకపోతే అధమ రకం అనుకునే లెక్క వెయ్యాలి, అంటే 4.6.

10 ఎంఎం బోల్టుకి మర దగ్గర లెక్కలోకొచ్చే వైశాల్యం 58 చదరపు ఎంఎం. అడ్డంగా కోసే బలానికి బోల్టు, నిలువునా లాగితే తెగే బలంలో ఇంచుమించు 60 శాతానికే లొంగిపోతుంది. ఆ లెక్కన నంబరు లేని 10 ఎంఎం బోల్టు 1.4 టన్నుల దగ్గర తెగుతుంది. 12 ఎంఎం 8.8 బోల్టు 4 టన్నులు, 12 ఎంఎం 10.9 అయితే 5 టన్నులు. ఇవన్నీ తెగే అంకెలు, వాడుకునే అంకెలు కావు. వాడేది దాంట్లో చాలా తక్కువ ఉండాలి.

ఇక గుంజు ఎంత పడుతుంది? రెండు టన్నుల బండి గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వచ్చి రోప్ చివర ఆగిందనుకో. ఆ వేగంలో సుమారు 17 వేల జూల్స్ శక్తి ఉంటుంది. గొలుసు సాగదు. పది సెంటీమీటర్లలో ఆపేసిందంటే సగటు గుంజే 17 టన్నులు దాటుతుంది. ఏ హుక్కూ, ఏ బోల్టూ దానికి ఆగదు. అదే నైలాన్ కైనెటిక్ రోప్ రెండు మీటర్లు సాగిందనుకో, సగటు గుంజు టన్ను లోపు, ఆఖర్న పడే గుంజు రెండు టన్నుల లోపు. వేగం రెట్టింపు చేస్తే శక్తి నాలుగింతలవుతుంది. విశాఖ అమ్మాయి చెప్పిన రెండో గుంజు ఇలాంటిదే అయ్యుంటుంది. మొదటిసారి కదలకపోతే రెండోసారి ఇంకా దూరం నుంచి ఉరికిస్తారు.

తూర్పుకనుమ_థార్
బాబాయ్ గారూ, మరి 12.9 బోల్టులు వేస్తే ఇంకా మంచిది కదా? రాణిగంజ్‌లో దొరుకుతాయని ఫ్రెండ్ చెప్పాడు.

బోల్టు_బాబాయ్
వద్దు. బలం పెరిగే కొద్దీ సాగే గుణం తగ్గుతుంది. 8.8 బోల్టు తెగే ముందు సాగి కనబడుతుంది, నీకు హెచ్చరిక దొరుకుతుంది. 12.9 అంత చెప్పి తెగదు. పైగా అంత గట్టి ఉక్కుకి జింక్ పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోపల చేరిందంటే, బిగించి ఊరుకున్న బోల్టు కూడా కొన్నాళ్లకి దానంతటదే తల ఊడి పడుతుంది. తడి, బురద, ఉప్పుగాలి తగిలే చోట 12.9 పెట్టడం నాకు ఇష్టం లేదు. 10.9 చాలు. దానికి జోడీగా 10 నంబరు నట్టు వెయ్యి. 10.9 బోల్టుకి మామూలు నట్టు వేస్తే మర అక్కడ చీరుతుంది.

బందరు_బుల్లోడు
మాది మచిలీపట్నం. ఇక్కడ ఏది పెట్టినా ఏడాదికి తుప్పే. స్టెయిన్‌లెస్ బోల్టులు వేసుకుంటే గొడవ వదులుతుంది కదా?

బోల్టు_బాబాయ్
మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ మీద ఎ2-70 అని ఉంటుంది. అంటే 700. 8.8 కన్నా తక్కువ, 10.9 ఊసే లేదు. హుక్కుకి వద్దు. 10.9 వేసి, బయట మైనం లాంటి తుప్పు మందు కొట్టి, ఏటా వానల ముందు చూసుకో. సముద్రం ఒడ్డున తిరిగొస్తే మంచినీళ్లతో కింద కడుగు.

జిమ్నీ_చిన్నోడు
ఇంత లెక్క ఎందుకు? హుక్కుని నేరుగా ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టించేస్తే బోల్టు గొడవే ఉండదుగా. మా ఊళ్లో ట్రాలీలకి అన్నీ వెల్డింగే.

ఆటోనగర్_అన్న
చిన్నోడా, నేను రోజూ వెల్డింగ్ చేసేవాణ్నే. అయినా వద్దంటున్నాను. పోత పోసిన హుక్కైనా, కాల్చి కొట్టిన హుక్కైనా, దానికి బలం వచ్చింది వేడి పెట్టి చల్లార్చిన పద్ధతి వల్ల. ఆర్క్ తగలగానే ఆ పక్కనున్న లోహం గుణం మారిపోతుంది. ఛాసిస్ వైపు కూడా అంతే, వెల్డు పక్కనే పెళుసుగానో మెత్తగానో తయారవుతుంది. పైకి నున్నగా మెరిసే వెల్డు లోపల పట్టిందో లేదో కంటికి తెలియదు. బోల్టు అయితే విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, నంబరు చదవొచ్చు. ట్రాలీని ట్రాక్టరు మెల్లగా లాగుతుంది, దానికీ దీనికీ పోలికే లేదు. బ్రాకెట్ ప్లేట్ల మధ్య వెల్డింగ్ చెయ్యొచ్చు, అది మామూలు ఉక్కు, పని తెలిసినవాడు చేస్తే ఆగుతుంది. హుక్కుని మాత్రం వెల్డు చెయ్యకు.

కొత్త బళ్లలో ఎలక్ట్రానిక్స్ కూడా ఉంటాయి. బండికి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పకుండా ఎర్త్ పట్టించారంటే కాలిపోయిన ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

నల్లరేగడి_రైతు
ట్రాక్టరు మాట వచ్చింది కాబట్టి. మాది కర్నూలు వైపు. వాన పడిన నల్లరేగడిలో కారు దిగితే చుట్టుపక్కల వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. ట్రాక్టరుతో లాగడంలో జర్క్ ఉండదు. చిన్న గేరులో పెట్టి, గొలుసు బిగిసే దాకా అంగుళం అంగుళం పోనిచ్చి, బిగిశాక అలాగే మెల్లగా నడిపిస్తే వచ్చేస్తుంది. నేలకి పట్టుంది చక్రానికి, తొందరపడాల్సిన పని లేదు.

నాకు కోపమొచ్చేది ఏంటంటే, కారువాళ్లకి వాళ్ల బండికి హుక్కు ఎక్కడుందో తెలియదు. "అన్నా ఎక్కడో ఓ చోట కట్టెయ్" అంటారు. స్టీరింగు రాడ్డుకి గొలుసు వేస్తున్న డ్రైవర్ని నేనే ఆపాను. అది వంగితే బండి బురదలోంచి వచ్చినా రోడ్డెక్కలేదు. స్ప్రింగు పట్టీలకి, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్ములకి, ఇరుసుకి కట్టొద్దు. పొలంలోకి వచ్చే ముందు హుక్కు ఎక్కడుందో చూసుకుని రండయ్యా.

మోనోకాక్_మూర్తి
నాది డస్టర్. టూల్ కిట్‌లో మర ఉన్న కొక్కెం ఒకటి ఇచ్చారు, బంపర్‌లో మూత తీసి తిప్పి పెట్టాలి. దాంతో కైనెటిక్ రోప్ వాడొచ్చా?

ఆటోనగర్_అన్న
వాడొద్దు మూర్తి గారూ. అది బండి ఆగిపోతే చదును రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లడానికి, ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించడానికి. నేరుగా లాగితేనే దానికి బలం. పక్కకి లాగితే ఒంటి కాడ వంగిపోతుంది. బురదలో కాస్త దిగితే ముందు పారతో చక్రాల ముందు తవ్వి, మెల్లగా లాగించుకోండి. ఒకటి గుర్తు పెట్టుకోండి, చివరి మర దాకా తిప్పాలి. కొన్ని కార్లలో ఈ కొక్కేనికి ఎడమ మర ఉంటుంది, కుడివైపు తిప్పితే పట్టదు. సగం మర మీద లాగి ఊడగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు.

బండి కిందుండే చిన్న రింగులు కూడా ఓడల్లో, ట్రైలర్లలో బండిని కట్టేసి ఉంచడానికి పెట్టినవి కావచ్చు. మాన్యువల్‌లో లాగడానికని రాసి లేకపోతే ముట్టుకోవద్దు.

దుబాయ్_దిబ్బలు
మాది నిజామాబాద్. పని దుబాయ్‌ల, సెలవు వస్తే ఇసకలనే. మీరందరు హుక్కు గురించే మాట్లాడుతున్నరు గని, దిగబడ్డ బండిల పది చోట్ల తొమ్మిది చోట్ల హుక్కు అవసరమే పడదు. ముందుగాల టైర్ల గాలి తియ్యాలె. మేం ఇసకల 15 పీఎస్‌ఐ పెట్టుకుంటం, ఇంక దిగితే 12 దాక తగ్గిస్తం. చక్రాల ముందల, ఇరుసు కింద పారతోని ఇసక తియ్యాలె. ఇసక మీద బండి కడుపు ఆనుకుంటే ఏ రోప్‌తోని గుంజినా బండిని కాదు, దిబ్బను గుంజినట్టే. తవ్వినంక మెల్లగ గుంజితే హుక్కు మీద పడే బరువు సగం తగ్గుతది.

రోప్ పొడుగు చాలకపోతే రెండు స్ట్రాపులను (గుంజే పట్టీలను) షాకిల్‌తోని, అంటే పిన్నుతోని మూసే ఇనుప కడెంతోని, కలుపొద్దు. మధ్యల తెగితే ఆ ఇనుము తూటాలెక్క పోతది. ఒకదాని లూపులనుంచి ఇంకోదాన్ని తీసి ముడేసి, ముడిల మడతబెట్టిన పేపరు పెట్టాలె. లేకపోతే బిగుసుకపోయి మళ్ల విడిపోదు.

జిప్సీ_1998
దిబ్బలన్న మాటకి వెయ్యి లైకులు. మా వాడొకడు బండిలో మూడు రకాల షాకిళ్లు, నాలుగు రోపులు పెట్టుకుని తిరుగుతాడు, పార మాత్రం ఉండదు. ప్రతిసారీ పక్క పొలం వాళ్ల దగ్గర అడుక్కొస్తాడు 😄

టెక్సాస్_రాంగ్లర్
ఇక్కడ డాలస్‌లో నా రాంగ్లర్ రూబికాన్‌కి హుక్కులు కంపెనీవే, ఫ్రేముకి బిగించి వస్తాయి. ఇక్కడ యాక్సెసరీ హుక్కుల మీద 10,000 పౌండ్లు అని పోసి ఉంటుంది, అంటే నాలుగున్నర టన్నులు. కొనేటప్పుడు అది తెగే బలమా, వాడుకునే బలమా అని తప్పకుండా చూడాలి. మంచి షాకిల్ మీద వాడుకునే బరువే రాస్తారు. 16 ఎంఎం విల్లు షాకిల్‌కి 3.25 టన్నులు, 19 ఎంఎం దానికి 4.75 టన్నులు. తెగే బలం దానికి ఐదారింతలు ఉంటుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటి మీద తెగే బలాన్నే పెద్ద అక్షరాలతో వేసి అమ్ముతారు. రెండూ పక్కపక్కన పెడితే చవకదే బలమైందనిపిస్తుంది.

షాకిల్‌ని పక్కకి లాగితే బలం పడిపోతుంది. 45 డిగ్రీల కోణంలో 30 శాతం, 90 డిగ్రీల్లో సగం. అందుకే లాగే బండి సాధ్యమైనంత ఎదురుగా నిలబడాలి.

వెనక ట్రైలర్ బాల్ (ట్రైలర్ తగిలించే ఇనప గుండు) ఉన్నవాళ్లు దానికి రోప్ తగిలించొద్దు. ఆస్ట్రేలియాలో బాల్ విరిగి ఎగిరొచ్చి తగిలి ప్రాణాలు పోయాయి. ఆ బాల్ ట్రైలర్ లాగడానికి, దిగబడిన బండిని పీకడానికి కాదు. బాల్ ఉన్న కడ్డీ తీసేసి, అది దూరే చదరపు గొట్టంలో (రిసీవర్) షాకిల్ పట్టే దిమ్మ పెట్టుకోవచ్చు, రిసీవర్ ఛాసిస్‌కి బిగించి ఉంటేనే.

తూర్పుకనుమ_థార్
అప్‌డేట్. ఆదివారం బంపర్ దింపించాను. హుక్కు కన్నాలు గ్యాస్‌తో కోసినవే, గుండ్రంగా కూడా లేవు, అంచున నల్లటి బుడిపెలు. రెండు కన్నాల్లో బోల్టుకి, అంచుకి మధ్య నా చిటికెన వేలి గోరు పడుతోంది. వాషర్ కింద పెయింట్ అలాగే ఉంది, అంటే గట్టిగా బిగించనే లేదు. ఛాసిస్ కొమ్ములు బాగున్నాయి, తుప్పు లేదు. కొమ్ము డబ్బాలాగే మూసి ఉంది, కాబట్టి అన్న చెప్పిన స్లీవ్ కావాలి. ఇప్పుడు నాకు రెండు డౌట్లు. ముందు రెండు హుక్కులు పెట్టి రెండింటికీ కలిపి ఒక స్ట్రాప్ వేస్తే మంచిదని యూట్యూబ్‌లో చూశాను, నిజమేనా? హుక్కు నోరు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా?

బోల్టు_బాబాయ్
మొదటి డౌట్ నేను తీరుస్తాను. రెండింటికీ కలిపి వేస్తే బరువు పంచుకుంటాయి, నిజమే. కానీ స్ట్రాప్ పొడుగ్గా ఉండాలి. రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కో హుక్కు మీద మొత్తం గుంజులో 58 శాతం పడుతుంది. కోణం 120 డిగ్రీలకి పెరిగితే ఒక్కో హుక్కు మీదా పూర్తి 100 శాతం పడుతుంది. పంచుకున్నట్టే ఉండదు. పైగా రెండు కొమ్ముల్నీ లోపలికి దగ్గరగా లాగుతుంది. పొట్టి స్ట్రాప్ వేసి "పంచేశాను" అనుకోవడం వల్లే నష్టం.

ఆటోనగర్_అన్న
రెండో డౌట్ నాది. నోరున్న హుక్కుకి రోప్ లూజైనప్పుడు జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నోరు కిందికి ఉంటే మరీ. స్ప్రింగు నాలుక ఉన్నా అది జారకుండా ఆపడానికే, బరువు మొయ్యదు. నన్నడిగితే హుక్కే వద్దు. మందపాటి ప్లేటుకి గుండ్రటి కన్నం పెట్టి, విల్లు షాకిల్ తగిలించుకో. మెత్తటి రోప్ షాకిల్ వాడేవాళ్లయితే ఆ కన్నం అంచుని రెండు వైపులా గుండ్రంగా నునుపు చేయించాలి, లేకపోతే కత్తిలా కోసేస్తుంది. ఇనప షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి, పావు తిప్పు వెనక్కి వదులు, బరువు పడ్డాక ఇరుక్కోకుండా.

లోరేంజ్_రెడ్డి
అన్నా, ఇక్కడ ఒప్పుకోను. షాకిల్ పిన్ను బురదలో తిప్పడం ఎంత నరకమో నీకు తెలుసు. అర్ధరాత్రి వానలో, మోకాలి లోతు నీళ్లలో హుక్కుకి లూపు పడేసినంత తేలిక షాకిల్‌కి లేదు. ఛాసిస్‌కి బిగించిన మంచి హుక్కు, నోరు పైకి, నాలుక పనిచేస్తూ ఉంటే తప్పేం లేదు.

ఆటోనగర్_అన్న
తేలికే, కాదనను. లాగే ముందు లూపు నోట్లో సరిగ్గా కూర్చుందో లేదో చెయ్యి పెట్టి చూసేవాడికైతే సరే. చీకట్లో, వానలో చాలామంది చూడరు. అందుకే కొత్తవాళ్లకి షాకిల్ చెప్తాను. షాకిల్‌ని ఇంటి దగ్గరే తగిలించుకుని బయల్దేరొచ్చుగా.

లోరేంజ్_రెడ్డి
ఆ ఆఖరి మాట బాగుంది. ఒప్పుకున్నా.

కొత్తగా_చేరా
ఇవన్నీ పెట్టుకుంటే ఆర్టీవో, పోలీసులు ఫైన్ వెయ్యరా?

మోడరేటర్
హుక్కుల సంగతి కన్నా ఆ ఇనప బంపర్ సంగతే ముందు చూసుకోవాలి. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, వాటి మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది. నడిచేవాళ్లకి తగిలితే ప్రాణాంతకం, బండిలోవాళ్లకి కూడా దెబ్బ మొత్తం లోపలికి చేరుతుంది, ఎయిర్‌బ్యాగులున్న బళ్లలో సెన్సర్లు సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. తూర్పుకనుమ గారూ, ఎలాగూ దింపారు కాబట్టి కంపెనీ బంపరే తిరిగి పెట్టుకుని, దాని వెనక ఛాసిస్‌కి లాగే ప్లేట్లు బిగించుకోవడం అన్ని విధాలా మంచిది. ప్లేటు బంపర్ కన్నా ముందుకి పొడుచుకు రాకుండా చూడండి.

తూర్పుకనుమ_థార్
సరే, కంపెనీ బంపరే వేయిస్తాను. ఆటోనగర్ అన్న దగ్గరికి వచ్చే శనివారం వస్తున్నాను, మెసేజ్ పెట్టాను. బోల్టులు నేనే తెస్తాను, 12 ఎంఎం 10.9, నట్లు 10 నంబరు. బిగుతు ఎంత పెట్టాలి?

బోల్టు_బాబాయ్
12 ఎంఎం 10.9 కి సుమారు 120 న్యూటన్ మీటర్లు. నూనె రాసిన మరకి తక్కువ సరిపోతుంది, అదే అంకె పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది. టార్క్ రెంచ్‌తోనే బిగించమను, పొడుగు పైపు వేసి నిలబడి తొక్కించకు. సరిగ్గా బిగిస్తే రెండు ప్లేట్ల మధ్య రాపిడే గుంజుని మోస్తుంది, బోల్టు మీద కోత పడదు. వదులుగా ఉంటేనే ప్లేటు జరిగి బోల్టుని కోస్తుంది. అందుకే నీ పాత వాషర్ కింద పెయింట్ అలాగే ఉందన్నప్పుడు నాకు గుండె జారింది.

బిగించాక నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గియ్యి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే నట్టు తిరిగిందని అర్థం. కొన్నాళ్లు రోడ్డు మీద తిరిగాక ఒకసారి, ఎవర్నైనా లాగిన ప్రతిసారీ ఒకసారి చూసుకో. బలంగా గుంజు పడిందని అనుమానం వస్తే బోల్టులు మార్చెయ్. బోల్టు ఖరీదు ఎంతని.

విశాఖ_వర్షం
లాగేటప్పుడు సంగతి కూడా రాస్తున్నాను, హుక్కు ఎంత బాగున్నా ఇవి తప్పవు. గోనెసంచి తడిపి రోప్ మధ్యలో వెయ్యండి, తెగితే నేలకి కొడుతుంది. రెండు బళ్ల డ్రైవర్లు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు. మిగిలినవాళ్లు రోప్ పొడుగుకి ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకి నిలబడాలి. పిల్లల్ని ఒకరు చెయ్యి పట్టుకుని ఉండాలి. వీడియో తీసేవాళ్లు ముందుకి రాకూడదు. సైగలు ఇచ్చేది ఒక్కరే. అందరూ "పో పో" అని అరిస్తే డ్రైవర్‌కి ఆగమన్నది వినపడదు.

మారేడుమిల్లి దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఒక్క బండితో వెళ్లకండి. నేను, మా తమ్ముడు కూడా వస్తాం, తేదీ చెప్పండి.

జిమ్నీ_చిన్నోడు
నేనూ వస్తా. నాది 1200 కిలోల బండి, థార్ దిగబడితే నేను లాగగలనా?

దుబాయ్_దిబ్బలు
లాగగలవు చిన్నోడా, ముందుగాల తవ్వి, ఆయన టైర్ల గాలి తీసినంక. నీ బండి తేలిక గదా అని దూరం నుంచి ఉరికించి గుంజకు. కదలకపోతే మళ్ల తవ్వు.

జిప్సీ_1998
పార నేను తెస్తాను. రెండు తెస్తాను.

తూర్పుకనుమ_థార్
శనివారం పని అయ్యాక ఫోటోలు పెడతాను. స్లీవ్ పైపు మందం ఎంత ఉండాలి అన్నా, వచ్చేటప్పుడు తేనా?

ఆటోనగర్_అన్న
తేవద్దు, నా దగ్గర ఉంది. గోడ 5 ఎంఎం ఉండే గొట్టం, నీ కొమ్ము లోపలి వెడల్పు కొలిచి లేత్ మీద కోయిస్తాను. పొద్దున్నే వచ్చెయ్, మధ్యాహ్నం దాటితే లేత్ దగ్గర జనం.